చక్కెర గొలుసుకు లేబుల్ అంటడం లేదా?

గ్లైకోప్రొటీన్ (చక్కెర గొలుసులు అతుక్కున్న ప్రొటీన్) నుంచి పీఎన్‌జీఏస్ ఎఫ్ ఎంజైముతో విడదీసిన చక్కెర గొలుసులకు 2-ఏబీ అనే ఫ్లోరసెంట్ లేబుల్ తగిలిస్తున్నారా? ఈ ఎంజైము గొలుసును మొదట గ్లైకోసైలమైన్ (కొసన అమైన్ ఉన్న చక్కెర) రూపంలో వదులుతుంది. కొసన ఆ అమైన్ ఉన్నంతవరకు లేబుల్ సరిగా అంటదు. అందుకే అది ఊడిపోయేలా ముందుగా 1 శాతం ఫార్మిక్ ఆమ్లంలో, గది ఉష్ణోగ్రత వద్ద, 40 నిమిషాలు ఉంచండి. ఆపై పూర్తిగా ఆరబెట్టండి. తేమ మిగిలితే పని చెడుతుంది. తొందరపడి నేను రెండు నమూనాలు పోగొట్టుకున్నాను.

పోల్చి చూడటానికి పక్కనే ఆర్‌ఎన్‌ఏస్ బి (గొలుసులు ముందే తెలిసిన గ్లైకోప్రొటీన్) కూడా నడపండి. మాల్డీలో (అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి) దాని మ్యాన్-5 (ఐదు మ్యానోజ్ చక్కెరలున్న గొలుసు) పీక్, లేబుల్, సోడియంతో కలిసి m/z 1377.5 దగ్గర రావాలి, తర్వాతివి ఒక్కో మ్యానోజ్‌కు 162 చొప్పున పైకి. 1257.4 దగ్గర పీక్ కనిపించిందా, లేబుల్ తగలని గొలుసులు ఇంకా ఉన్నట్టే. అన్నట్టు, లేబుల్ అంటించడానికి వాడే సయనోబోరోహైడ్రైడ్ సీసాను ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి.