ఏఎంటీ సర్టిఫికెట్ ఎందుకు ఆగింది? సంస్థ ధ్రువీకరణలో సమస్యలు - పరిష్కారాలు

అనంతపురంలో ఆఫీసు, తాడిపత్రిలో ఫ్యాక్టరీ, కడపలో గోదాము ఉన్న సంస్థకు ఇంటెల్ వీప్రో (ఆఫీసుల కోసం చేసిన రకం) కంప్యూటర్లలోని ఏఎంటీ, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఏర్పాటు, ఎంతో అక్కరకు వస్తుంది. విండోస్ తెరుచుకోకపోయినా, కంప్యూటర్ ఆపేసి ఉన్నా, కరెంటూ నెట్‌వర్కు కేబులూ ఉంటే చాలు. అనంతపురంలో కూర్చుని కడప కంప్యూటర్‌ను ఆన్ చేసి, బయోస్‌లోకి (విండోస్‌కు ముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి సరిచేయవచ్చు. ఇంతటి అధికారం ఎవరి చేతికి పడితే వారి చేతికి వెళ్లకూడదు. అందుకే దూరం నుంచి ఏఎంటీని అమర్చే సర్వరు దగ్గర ప్రత్యేక డిజిటల్ సర్టిఫికెట్ ఉండాలంటారు. దాన్ని ఇచ్చే సర్టిఫికెట్ అథారిటీ ముందుగా సంస్థ నిజంగా ఉందా, డొమైన్ (ఇంటర్నెట్‌లో సంస్థ పేరు) దానిదేనా, అడిగిన మనిషికి అడిగే హక్కు ఉందా అని చూస్తుంది.

దరఖాస్తు ఆగగానే చాలామంది స్కాన్ చేసిన కాగితాలు ఒకదాని వెంట ఒకటి పంపుతారు. దానివల్ల రోజులు గడవడమే తప్ప పని కదలదు. పరిశీలకులు తమంతట తాము వెతికి చూసుకోగల రికార్డునే ఎక్కువగా నమ్ముతారు. అందుకని ముందు సరిచేయాల్సింది రికార్డునే.

సమస్య: సంస్థ వివరాలు దొరకలేదని జవాబు వచ్చింది

పేరు తేడా వల్లే ఎక్కువగా ఇలా జరుగుతుంది. కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డులో ఉన్న పేరే, 'ప్రైవేట్ లిమిటెడ్'తో సహా రాయాలి. సొంత వ్యాపారమైతే జీఎస్‌టీ ధ్రువపత్రంలో చట్టబద్ధమైన పేరు దగ్గర యజమాని పేరు ఉంటుంది, దుకాణం పేరు వ్యాపార నామం దగ్గర ఉంటుంది. ఈ రెండింటి సంబంధాన్ని చూపే ఆ రికార్డునే ఆధారంగా ఇవ్వండి. కళాశాలల్లో గేటు మీద ఉన్నది కళాశాల పేరు, రిజిస్టరైనది దాన్ని నడిపే సొసైటీ లేదా ట్రస్టు పేరు. అక్కడ సొసైటీ పేరుతో దరఖాస్తు చేయడమే దగ్గరి దారి.

సమస్య: పేరు సరిపోయింది, చిరునామా దగ్గర ఆగింది

మన ప్రాంతంలో దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కడప పేరును ఇంగ్లీషులో రాసే తీరు 2005లో మారింది. పాత రిజిస్ట్రేషన్లలో 'సి' అక్షరంతో మొదలయ్యే పాత స్పెల్లింగే ఉంటుంది. అనంతపూర్, అనంతపురం, అనంతపురము అని ఒకే ఊరు మూడు రికార్డుల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. ఆపైన 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, నంద్యాల, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. అంతకు ముందు నమోదైన సంస్థల కాగితాల్లో మాత్రం అనంతపురం, కర్నూలు జిల్లాలే ఉన్నాయి. సముద్రాల అవతల కూర్చుని చూసేవారికి ఇవన్నీ ఒకే చోటని ఎలా తెలుస్తుంది? వారిది తప్పు అనలేం.

పరిష్కారం: ఒక రికార్డును మూలంగా ఎంచుకుని, దరఖాస్తులో అక్షరం మారకుండా అదే రాయండి. నిజంగా ఆఫీసు మారి ఉంటే జీఎస్‌టీ పోర్టల్‌లో సవరణ పెట్టండి. కంపెనీ అయితే రిజిస్టర్డ్ ఆఫీసు మార్పును ఐఎన్‌సీ-22 ఫారంతో తెలియజేయాలి. రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాదులో ఉండి పని కర్నూలులో జరుగుతుంటే హైదరాబాదు చిరునామాతోనే తీసుకోండి. ఏఎంటీ ఊరి పేరు చూడదు, డొమైన్‌నే చూస్తుంది.

సమస్య: ఫోను ధ్రువీకరణ పూర్తి కావడం లేదు

దరఖాస్తులో మనం రాసిన నంబరుకు కాకుండా, బయటి రికార్డులో సంస్థ పేరిట దొరికిన నంబరుకు ఫోను చేస్తారు. ఆ నంబరు ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైన్ కావచ్చు, పాత అకౌంటెంటు మొబైల్ కావచ్చు. ముందు దాన్ని మార్పించండి, తర్వాత ఫోను చేసే సమయం అడిగి పెట్టుకోండి. విదేశీ నంబరు చూసి మోసమని పెట్టేయవద్దని ఫోనెత్తే ఉద్యోగికి చెప్పి ఉంచండి. అయితే ఓటీపీలు, పాస్‌వర్డులు ఈ పనికి అక్కరలేదని కూడా చెప్పండి.

సమస్య: డొమైన్ మీదని తేలడం లేదు

డొమైన్ మీదని చూపడానికి డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేర్ల వివరాల పట్టికలో) టెక్స్ట్ రికార్డు పెట్టినా కనబడకపోతే రెండు చోట్ల చూడండి. డొమైన్ కొన్నది ఒకచోట, నేమ్‌సర్వర్లు (ఆ పట్టికను ఉంచే సర్వర్లు) మరోచోట ఉంటే, రికార్డును నేమ్‌సర్వర్లు ఉన్నచోటే పెట్టాలి. పేరు గడిలో డొమైన్ మొత్తం రాస్తే కొన్ని ప్యానెళ్లు దాన్ని రెండుసార్లు అతికిస్తాయి. సీఏఏ రికార్డులో (ఏ అథారిటీ సర్టిఫికెట్ ఇవ్వవచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డులో) వేరే అథారిటీ పేరు మాత్రమే ఉన్నా సర్టిఫికెట్ ఇవ్వరు. హూఈజ్ (డొమైన్ యజమాని ఎవరో చెప్పే జాబితా) వివరాల్లోని ఈమెయిల్‌తో ధ్రువీకరించే పద్ధతి 2025 జులై 15తో ఆగిపోయింది. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రవాడి ఖాతాలో డొమైన్ ఉంటే, ఈ సందర్భంలోనైనా సంస్థ పేరిటకు మార్పించుకోవడం మంచిది.

సమస్య: సర్టిఫికెట్ వచ్చింది, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు

డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు నెట్‌వర్కు వివరాలు పంచే ఏర్పాటు) ఆప్షన్ 15 ద్వారా అందే డొమైన్ పేరు సర్టిఫికెట్‌లోని డొమైన్‌తో కలవాలి. ఆఫీసు నెట్‌వర్కు '.లోకల్'తో ముగిసే పేరు పంచుతుంటే కలవదు. అలాంటి అంతర్గత పేర్లకు ఏ అథారిటీ కూడా సర్టిఫికెట్ ఇవ్వదు. యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులోని విండోస్ ఖాతాల, కంప్యూటర్ల జాబితా) పేరు మార్చనక్కరలేదు, ఆప్షన్ 15లో అసలు డొమైన్ ఇస్తే సరిపోతుంది. రౌటరులో ఆ గడి లేకపోతే ఆ కంప్యూటర్ దగ్గరే ఎంఈబీఎక్స్ (ఏఎంటీ సెట్టింగుల) మెనూలో పీకేఐ డీఎన్‌ఎస్ సఫిక్స్ అనే గడిలో డొమైన్ చేత్తో నింపాలి. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025లో '.బ్యాంక్.ఇన్'కు మారిన సహకార బ్యాంకులు ఇది తప్పక చూసుకోవాలి: పాత డొమైన్ సర్టిఫికెట్ కొత్త పేరుతో కలవదు.

అదీ సరిగ్గా ఉంటే సర్టిఫికెట్ తెరిచి ఏఎంటీ కోసమని తెలిపే 2.16.840.1.113741.1.2.3 అనే గుర్తు ఉందో లేదో చూడండి. మామూలు వెబ్‌సైట్ సర్టిఫికెట్‌లో ఇది ఉండదు. పాత మార్గదర్శకాలు చెప్పే ఓయూ (సంస్థలోని విభాగం పేరు) గడి 2022 సెప్టెంబరు 1 నుంచి నిషిద్ధం, దానికోసం వెతకవద్దు. మీ సర్టిఫికెట్‌నూ అథారిటీ మూల (రూట్) సర్టిఫికెట్‌నూ కలిపే మధ్యంతర సర్టిఫికెట్లతో సహా గొలుసు మొత్తం సర్వరులో ఉండాలి, చివరి రూట్ హాష్ (ఆ సర్టిఫికెట్ వేలిముద్ర లాంటి సంఖ్య) ఆ కంప్యూటర్ ఫర్మ్‌వేర్‌లో (కంప్యూటర్‌లోనే నిక్షిప్తమై ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉండాలి.

సమస్య: పోయినసారి ఇచ్చిన వివరాలే మళ్లీ అడుగుతున్నారు

2026 మార్చి 15 నుంచి సర్టిఫికెట్ గడువు గరిష్ఠంగా 200 రోజులే. సంస్థ ధ్రువీకరణను 825 రోజుల బదులు 398 రోజులే వాడుకోగలరు. కాబట్టి గడువుకు నెల ముందే మొదలుపెట్టండి. ఆలస్యమైనా, ఇప్పటికే ఏఎంటీ అమర్చిన కంప్యూటర్లు పనిచేస్తూనే ఉంటాయి. కొత్తవాటిని చేర్చడం మాత్రం సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగుతుంది.