రోటరీ టేబుల్ లేకుండానే ప్రిజం మూడు కోణాలూ

కొత్తగా చేరినవాళ్లు కోణాలు కొలవమని ప్రిజం చేతికివ్వగానే రోటరీ టేబుల్ (కోణాలు గుర్తించిన తిరిగే బల్ల) కోసం చూస్తారు. 45-45-90 ప్రిజానికి అదేం అక్కర్లేదు. మంచి ఆటోకాలిమేటర్ (సమాంతర కాంతిని పంపి, తిరిగొచ్చిన గీతల బొమ్మ ఎంత జరిగిందో చూసి కోణం కొలిచే టెలిస్కోప్) ఒక్కటుంటే చాలు, తప్పుని ఆ గాజే పెంచి చూపిస్తుంది. కాకపోతే కోటింగ్‌కి పంపకముందే చూసుకోవాలి.

ప్రిజాన్ని స్టాండ్ మీద పెట్టి ఓ అరగంట వదిలేయండి. చేతి వేడికే బొమ్మలు జరుగుతుంటాయి.

పెద్ద ముఖాన్ని, అంటే లంబకోణానికి ఎదురుగా ఉన్నదాన్ని, ఆటోకాలిమేటర్ వైపు తిప్పండి. మూడు క్రాస్‌లైన్లు (కూడిక గుర్తులాంటి గీతల బొమ్మలు) కనిపిస్తాయి. వాటిలో మసకగా ఉన్నది పెద్ద ముఖం మీదే తిరిగొచ్చిన 4 శాతం కాంతి. మిగతా రెండూ లోపల లంబకోణం దాకా వెళ్లొచ్చినవి. ప్రిజాన్ని పిసరంత పక్కకి తిప్పితే మసకది పరుగెడుతుంది, వెలుగు జంట కదలదు. మసకదాన్ని జంట మధ్యకి తెచ్చి రీడింగ్ తీయండి.

ఆ జంట మధ్య దూరమే 90లో ఉన్న తప్పు, కానీ నేరుగా కాదు. స్కేల్ అద్దం ఎంత తిరిగిందో చూపేలా గుర్తించినదైతే (మామూలుగా అంతే) వక్రీభవన గుణకానికి రెట్టింపుతో భాగించాలి. బీకే7 అనే గాజుకి గుణకం 1.517. రీడింగ్ 30 సెకన్లయితే (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను) తప్పు 10 సెకన్లే. ఈ భాగహారం మర్చిపోయి మంచి ప్రిజాల్ని రిజెక్ట్ ట్రేలో పడేసినవాళ్లని చూశాను.

ప్లస్సా మైనస్సా? ఐపీస్‌ని (కన్ను పెట్టే లెన్స్‌ని) ఆబ్జెక్టివ్ (ముందు లెన్స్) వైపు కొంచెం లోపలికి జరపండి. బొమ్మలు దూరమైతే కోణం 90 కన్నా ఎక్కువ, దగ్గరైతే తక్కువ. అట్టముక్కతో సగం మూసి తేల్చేద్దామనుకోకండి. ఒక సగంలో దూరిన కాంతి రెండో సగంలోంచి బయటికొస్తుంది కాబట్టి రెండు బొమ్మలూ మాయమవుతాయి.

మసకది జంట గీతకి పైకో కిందకో ఉంటే పిరమిడ్ ఎర్రర్, అంటే లంబకోణం అంచు పెద్ద ముఖానికి సమాంతరంగా లేదన్నమాట. దాన్ని గుణకంతో ఒక్కసారి భాగిస్తే సరి.

ఇక 45లు. చిన్న ముఖాన్ని ఎదురుగా పెట్టండి. కాంతి పెద్ద ముఖం దగ్గర మలుపు తిరిగి, రెండో చిన్న ముఖాన్ని తాకి వెనక్కొస్తుంది. ఈసారి రెండు బొమ్మలూ ఇంచుమించు ఒకే వెలుగుతో ఉంటాయి. ఏది వెనకదో తెలియకపోతే రెండో చిన్న ముఖం మీద తడి వేలు ఆనించండి, వెనక బొమ్మ డల్ అవుతుంది. తర్వాత అసిటోన్‌తో తుడిచేయండి. అడ్డంగా వాటి మధ్య దూరాన్ని గుణకంతో భాగిస్తే రెండు 45ల తేడా వస్తుంది. 12 సెకన్ల రీడింగ్‌కి తేడా 8.

మొత్తం 180 కదా! పైన 90 కోణం 10 సెకన్లు ఎక్కువుంటే మిగతావి 44°59′59″, 44°59′51″. వెనక్కొచ్చే కిరణం లంబకోణం వైపు వంగితే, కాంతి దూరిన ముఖం పక్కనున్న 45 పెద్దది.