డౌన్‌లోడ్ చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలును చెక్‌సమ్‌తో సరిచూసుకోవడం ఎలా?

అనంతపురంలో ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కావలసినవారికి దాని ఫైలు తరచుగా ఇంకొకరి పెన్‌డ్రైవ్‌లోనే అందుతుంది. 24.04 వెర్షన్ డెస్క్‌టాప్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినదంతా ఉండే ఒకే ఫైలు) 6 జీబీకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ డేటాను నమ్ముకున్న విద్యార్థి హాస్టల్‌లో తోటివాడి దగ్గరో, సప్తగిరి సర్కిల్ వైపు ఏదో ఒక నెట్ సెంటర్‌లోనో కాపీ చేయించుకోక తప్పదు. అందులో తప్పేమీ లేదు. బరువైన ఫైలును ఎవరి దగ్గరనుంచైనా తెచ్చుకోవచ్చు. అది అసలుదో కాదో తేల్చే చిన్న సంఖ్యను మాత్రం దాన్ని తయారుచేసినవారి దగ్గరనుంచే తెచ్చుకోవాలి.

ఆ సంఖ్యనే చెక్‌సమ్ అంటారు. ఫైలులోని ప్రతి బైటునూ ఒక గణిత ప్రక్రియ గుండా పంపితే చివరికి నిర్ణీత పొడవున్న ఒక సంఖ్య వస్తుంది. నేడు ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలుంటుంది. అందులో 0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు ఆంగ్ల అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. 6 జీబీల ఫైలులో ఒక్క బిట్టు మారినా ఈ సంఖ్య పోలిక లేకుండా మారిపోతుంది. పాత పద్ధతులైన ఎండీ5 కు 32 అక్షరాలు, ఎస్‌హెచ్‌ఏ-1 కు 40 అక్షరాలు ఉంటాయి. ఒకే ఎండీ5 సంఖ్య వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేయవచ్చని చైనా పరిశోధకురాలు వాంగ్ షియావోయున్ బృందం 2004లో చూపింది; ఎస్‌హెచ్‌ఏ-1 విషయంలో అదే పనిని 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు కలిసి చేసి చూపించారు. కాపీలో చెడిన ఫైలును పట్టుకోవడానికి ఎండీ5 ఇప్పటికీ సరిపోతుంది గాని, కావాలని మార్చిన ఫైలును పట్టుకోవడానికి దానిని నమ్మకూడదు.

నేను ఈ అలవాటు చేసుకున్నది బుద్ధి తెచ్చుకున్నాకే. ఒకసారి ఇన్‌స్టలేషన్ ప్రతిసారీ సగం దాటాక ఆగిపోతుంటే ర్యామ్ మీద అనుమానపడి, దాన్ని ఊడదీసి, రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టి రెండు రోజులు పోగొట్టుకున్నాను. హాట్‌స్పాట్ మీద నాలుగైదు సార్లు తెగి అతుక్కున్న డౌన్‌లోడ్ అది. చెక్‌సమ్ చూస్తే ఒక నిమిషంలో తేలిపోయింది.

మొదట సంఖ్యను తెచ్చుకోవాలి. ఉబుంటుకైతే రిలీజెస్ డాట్ ఉబుంటు డాట్ కామ్‌లో మీ వెర్షన్ ఫోల్డరు తెరిస్తే, ఇమేజ్ ఫైళ్ల పక్కనే ఎస్‌హెచ్‌ఏ256సమ్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఫోన్ డేటాతో క్షణంలో దిగుతుంది. విండోస్ 11 కు మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలోనే భాషలవారీగా ఈ సంఖ్యల పట్టిక ఇస్తారు. పెన్‌డ్రైవ్ ఇచ్చినవారే ఒక నోట్‌ప్యాడ్ ఫైలులో చెక్‌సమ్ కూడా రాసి ఇస్తే దానిని పక్కన పెట్టేయండి. విత్తన శనక్కాయల బస్తాకు కుట్టిన, విత్తనం అసలుదని చెప్పే నీలం ట్యాగు బస్తాతోపాటే వస్తుంది. బస్తా మార్చగలిగినవాడికి ట్యాగు మార్చడం కష్టం కాదు. చెక్‌సమ్ మాత్రం ఇమేజ్‌తోపాటే రానక్కరలేదు, వేరే దారిన తెచ్చుకోవచ్చు. అదే మనకున్న వెసులుబాటు. ముందే యాక్టివేట్ చేసి ఉందంటూ రిపేరు షాపుల్లో తిరిగే విండోస్ ఇమేజ్‌లకైతే పోల్చడానికి అసలు సంఖ్యే ఉండదు. వాటిని వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తరువాత మీ దగ్గరున్న ఫైలుకు సంఖ్య కట్టాలి. విండోస్‌లో ఫైళ్లను కుదించే 7-జిప్ ప్రోగ్రామ్ ఉంటే ఇదే సులువైన దారి: ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, మెనూలో సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే వరుసలో ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకుంటే చాలు. విండోస్ 11లో ఆ వరుస కనబడకపోతే షో మోర్ ఆప్షన్స్ నొక్కి చూడండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే చేయాలంటే, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో సర్ట్‌యుటిల్ ఆదేశం ఉంది. దాని తరువాత హైఫన్‌తో కలిపి హ్యాష్‌ఫైల్ అని, ఆపై ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యమధ్య ఖాళీలు వదిలి కొట్టాలి. ఆ చివరి మాట మరిచిపోతే అది ఎస్‌హెచ్‌ఏ-1 కడుతుంది. 64 అక్షరాలకు బదులు 40 మాత్రమే కనబడి, ఫైలు చెడిపోయిందని చాలామంది కంగారుపడేది ఇక్కడే. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎస్‌హెచ్‌ఏ256సమ్ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వాలి. మ్యాక్‌లో షాసమ్ ఆదేశానికి హైఫన్ ఏ, 256 అని జతచేయాలి. పాత హార్డ్‌డిస్కు మీద దీనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు.

ఇప్పుడు పోల్చాలి. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకోవద్దు. మీకు వచ్చిన సంఖ్యను కాపీ చేసి, తెచ్చుకున్న చెక్‌సమ్ ఫైలును తెరిచి, కంట్రోల్ ఎఫ్‌తో వెతికితే కన్ను చేసే పొరపాటు ఉండదు. దొరికిన వరుసలో మీ ఫైలు పేరే ఉందో లేదో కూడా చూడాలి. పెద్ద అక్షరాలా చిన్న అక్షరాలా అన్నది పట్టించుకోనక్కరలేదు.

సరిపోలకపోతే వెంటనే ఫైలును చెరిపేయకండి. 24.04.1 ఫైలును 24.04.2 సంఖ్యతోనో, డెస్క్‌టాప్ ఫైలును సర్వర్ సంఖ్యతోనో పోల్చి ఉండవచ్చు. వెర్షన్ సరైనదే అయితే 6 జీబీలూ మళ్లీ దించుకోకుండా ఒక ఉపాయం ఉంది. అదే వెర్షన్ టొరెంట్ ఫైలును (పెద్ద ఫైలును ముక్కలుముక్కలుగా దించుకునే పద్ధతికి వాడే చిన్న ఫైలు) అధికారిక సైటునుంచి తెచ్చుకుని, చెడిన ఫైలును టొరెంట్ డౌన్‌లోడ్ ఫోల్డరులో అదే పేరుతో పెట్టి, టొరెంట్ ప్రోగ్రామ్‌తో రీచెక్ చేయించాలి. టొరెంట్‌లో ప్రతి ముక్కకూ విడిగా చెక్‌సమ్ ఉంటుంది కాబట్టి, చెడిన ముక్కలను మాత్రమే అది మళ్లీ తెచ్చుకుంటుంది. అది పూర్తయ్యాక మొత్తం ఫైలుకు మళ్లీ సంఖ్య కట్టి చూడండి.

సంఖ్య సరిపోయిందంటే ఆ పేజీలో చెప్పిన ఫైలే మీ దగ్గర ఉందని మాత్రమే అర్థం. ఆ పేజీయే చెడితే? 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకి చొరబడినవారు 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లంకెను దొంగదారి పెట్టిన ఇమేజ్ వైపు మళ్లించారు. లంకెను మార్చగలిగినవాడు పక్కనున్న సంఖ్యనూ మార్చగలడు. అందుకే ఉబుంటు, డెబియన్ (మరో లినక్స్) వంటివాటిని తయారుచేసేవారు చెక్‌సమ్ ఫైలు మీద డిజిటల్ సంతకం కూడా చేస్తారు. ఆ సంతకపు ఫైలును దించుకుని, సంతకాన్ని సరిచూడటానికి వారు అందరికీ ఇచ్చే పబ్లిక్ కీని చేర్చుకుని, సంతకాలు పరీక్షించే జీపీజీ ప్రోగ్రామ్ వెరిఫై ఆదేశంతో పరీక్షించాలి. గుడ్ సిగ్నేచర్ అని వచ్చాక కూడా కీ నమ్మదగినదని ధ్రువీకరణ లేదనే హెచ్చరిక కనబడుతుంది. మీరు ఆ కీని నమ్ముతున్నట్టు మీ కంప్యూటర్‌కు ఇంకా చెప్పలేదనే దాని భావం. మీరు చేయవలసినది కీని గుర్తుపట్టే వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్) అయిన 40 అక్షరాలను రెండు మూడు వేర్వేరు చోట్ల ప్రచురించిన వాటితో పోల్చడం. ఇంట్లో ఒక్క లాప్‌టాప్‌కు ఇంత అవసరమా అంటే, ఫైలు చేతులు మారి వచ్చినప్పుడు అవసరమే.

చివరిగా, ఇమేజ్ సరైనదైనా పెన్‌డ్రైవ్ నాసిరకంది కావచ్చు. ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి రాసే బలేనా ఎచర్ ప్రోగ్రామ్, రాయడం పూర్తయ్యాక రాసినదాన్ని మళ్లీ చదివి పోలుస్తుంది. తొందరపడి ఆ దశలో స్కిప్ నొక్కకండి.