చెన్నై ఎండకు బ్యాటరీ: కొనే ముందు మీటరు పెట్టండి

చెన్నైలో బ్యాటరీ ఎండాకాలంలో దెబ్బతింటుంది, వానాకాలంలో చేతులెత్తేస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయట 40 డిగ్రీలుంటే బానెట్ కింద అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, సీసం ప్లేట్ల జల్లెడ తుప్పు పట్టి పెళుసవుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని బ్యాటరీ పనిలో ఉన్నవాళ్ల లెక్క. నవంబరులో వైపర్లు, లైట్లు, ఏసీ ఒకేసారి నడుస్తూ ఓఎంఆర్ ట్రాఫిక్‌లో బండి పాకుతుంటే ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) ఇచ్చేది ఆ ఖర్చులకే సరిపోతుంది. మర్నాడు పొద్దున తాళం తిప్పితే టక టక చప్పుడు తప్ప ఇంజను తిరగదు. అందుకే మూడేళ్లు దాటిన బ్యాటరీని ఎండలు ముదరక ముందు ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి చూసుకోవాలి.

సెల్ఫ్ తిరగలేదని వెంటనే కొత్తది కొనెయ్యకండి. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు దగ్గరుంటే చాలు, మూడు కొలతల్లో విషయం తేలిపోతుంది. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. మొదటి కొలత బండి రాత్రంతా ఆగి ఉన్నాక, తాళం పెట్టకముందు. 12.6 లేదా ఆ పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. బండి ఆపిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువగా వస్తుంది, దాన్ని నమ్మకూడదు. రెండో కొలత సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు. ఇంకొకరు తాళం తిప్పుతుంటే మీరు అంకె చూడండి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి జారిపోతే అది అయిపోయినట్టే. మూడోది ఇంజను నడుస్తున్నప్పుడు. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే లోపం ఆల్టర్నేటర్‌లోనో బెల్టులోనో ఉంది. కొత్త బ్యాటరీ వేసినా వారం తిరక్కుండా పడుకుంటుంది. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, అది కొత్త బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. కొందరు ఇంజను నడుస్తుండగానే టెర్మినల్ పీకేసి ఆల్టర్నేటర్‌ను పరీక్షిస్తారు. కార్బురేటర్ బండ్ల కాలం నాటి అలవాటది. ఇప్పటి బండ్లలో అలా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి ఈసీయూ, అంటే ఇంజనును నడిపించే కంప్యూటర్, కాలిపోవచ్చు. మెకానిక్ చెయ్యబోతే ఆపండి.

ఈ కొలతలకు ముందే టెర్మినళ్లను దగ్గరగా చూడండి. సముద్రపు గాలి తగిలే బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి చోట్ల వాటికి తుప్పు పట్టే బాధ మరీ ఎక్కువ. పైన తెల్లగానో, ఆకుపచ్చ కలిసిన నీలంగానో పిండి పేరుకుని ఉంటుంది. పైకి శుభ్రంగా కనిపించినా కేబుల్ చివరి క్లాంపు విప్పి చూస్తే అది పట్టుకునే సీసం కొమ్ము చుట్టూ నల్లటి పొర ఉండొచ్చు. ఆ సన్నటి పొరే కరెంటును అడ్డుకుంటుంది. క్లాంపును చేత్తో తిప్పితే కదులుతుందంటే అది వదులే. గ్లాసుడు వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుస పొంగడం ఆగేదాకా రుద్దాలి. ఆ నీళ్లు సెల్ మూతల సందుల్లోకి మాత్రం పోకూడదు, లోపలి యాసిడ్‌ను విరిచేస్తాయి. తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కొమ్మునూ క్లాంపు లోపలి వైపునూ గరుకు కాగితంతో మెరిసేలా గీకండి. క్లాంపు బిగించాకే పైన పల్చగా వాజలీన్ పూయాలి. ముందే పూస్తే మధ్యలో పొరగా నిలుస్తుంది. చాలా బండ్లకు ఈ పనితోనే ప్రాణం లేచొస్తుంది.

నిజంగానే కొనాల్సి వస్తే ముందు పాత బ్యాటరీ మీద రాసిన కోడ్ ఫోటో తీసుకోండి. 38బీ20ఎల్ లాంటివి జపాన్ పద్ధతి, చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువ. అందులో 20 పొడవు, సెంటీమీటర్లలో. చివరి ఎల్ లేదా ఆర్ ప్లస్, మైనస్ ఏ పక్కన ఉన్నాయో చెబుతుంది. ఇది తారుమారైతే కేబుల్ అందదు. బలవంతంగా లాగితే ఏదో ఒకరోజు బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. డిన్44, డిన్60 అనేవి యూరప్ పద్ధతి, వీటి ఎత్తూ అడుగున పట్టుకునే అంచూ వేరు. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యే బండికి అన్నిసార్లు స్టార్ట్ అవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వెయ్యాలి. ఏజీఎంతో వచ్చిన బండికి ఏజీఎమే. మామూలుది చవకే, కానీ రోజుకు అన్నిసార్లు స్టార్ట్ అయ్యే భారాన్ని మోయలేక త్వరగా పోతుంది. 35 ఆంపియర్ అవర్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) ఉన్న చోట 45 పెడితే మంచిదని అమ్మేవాళ్లు చెబుతారు. ట్రేలో సరిగ్గా కూర్చుని, పట్టీ బిగిసేట్టయితే నష్టం లేదు, అంతకు మించి ఒరిగేదీ లేదు. తక్కువది మాత్రం వద్దు.

కొట్లో తయారీ తేదీ అడగండి. షెల్ఫు మీద ఊరికే ఉన్నా బ్యాటరీ తనంతట తాను ఖాళీ అవుతూ, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. మూడు నెలల లోపుది మంచిది, ఆరు నెలలు దాటితే వద్దనండి. అక్కడే మీటరు పెట్టి 12.5 కంటే తక్కువ ఉంటే ఛార్జ్ చేసి ఇమ్మనండి. వారంటీ 36+24 అని ఉంటే మొత్తం అయిదేళ్లూ ఉచితమని కాదు. మొదటి 36 నెలల్లో పోతే ఉచితంగా మారుస్తారు, తర్వాతి 24 నెలల్లో ధరలో కొంత తగ్గిస్తారు, అంతే. పాతది అక్కడే ఇచ్చేసి బిల్లులో తగ్గించుకోండి. అందులోని సీసం తిరిగి వాడకంలోకి వెళ్తుంది. పుదుపేటలో దొరికే రీకండిషన్ బ్యాటరీ ఎంత చవకైనా రోజూ తిరిగే బండికి పనికిరాదు.

బిగించడం పది నిమిషాల పని, ఎక్కువగా 10 నంబర్ స్పానరే కావాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న. ఎందుకంటే మైనస్ తగిలించి ఉండగా ప్లస్ మీది స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు చిమ్ముతాయి. బ్యాటరీని ట్రేలో కదలకుండా పట్టి ఉంచే పట్టీ బోల్టు మర్చిపోకండి. గుంతల్లో కుదుపులకు ప్లేట్లు రాలిపోతాయి.

మూతలున్న రకమైతే రెండు నెలలకోసారి నీటి మట్టం చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఇంట్లో బోరు నీళ్లు, కొళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు ఏవీ వద్దు, అన్నిట్లో లవణాలుంటాయి. యాసిడ్ అసలే పోయకూడదు, ఆవిరయ్యేది నీరే.

బైకులకు సైజు చిన్నది, ఓర్పు తక్కువ. 2.5 నుంచి 9 ఆంపియర్ అవర్ దాకా ఎక్కువ వాడకంలో ఉన్నవి. యాసిడ్ విడిగా వచ్చే రకం కొంటే పోసిన వెంటనే బండికి తగిలించకండి. అరగంట నాననిచ్చి, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో ఛార్జ్ చెయ్యాలి: 2.5కి 0.25 ఆంపియర్. కొట్లో హడావిడిగా ఈ మెట్టు ఎగ్గొడితే ఆ బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, కాబట్టి బ్యాటరీ పూర్తిగా పడుకుంటే కొన్నిటిని కిక్ కూడా లేపలేదు. బ్యాటరీ ఉబ్బినా, బల్బులు తరచూ మాడిపోయినా ముందు బైకులో ఛార్జింగ్‌ను సరిచేసే రెక్టిఫైయర్‌ను చూపించండి.

వరద నీళ్లలో మునిగిన బండికి తాళం పెట్టకూడదు. మైనస్ విప్పేసి మెకానిక్ దగ్గరికి లాగించుకెళ్లండి. తుఫాను హెచ్చరిక రాగానే వేళచ్చేరి వాళ్లు కార్లను ఫ్లైఓవర్ ఎక్కించేది ఇందుకే.

ఇక సంక్రాంతికి నెల్లూరో ఒంగోలో రైల్లో వెళ్లి పది రోజులు కారు వదిలేసేవాళ్ల సంగతి. ఆగి ఉన్న కారు 50 మిల్లీఆంపియర్ల దాకా లాగడం మామూలే. పది రోజులకు 12 ఆంపియర్ అవర్, అంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో మూడో వంతు. దానికి పార్కింగ్‌లో కూడా పనిచేసే డాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గరి కెమెరా) మరో 250 మిల్లీఆంపియర్లు లాగిందంటే అయిదు రోజుల్లో బ్యాటరీ నేల నాకుతుంది. ఒక్కసారి అలా అడుగంటినా కొంత సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. బయల్దేరే ముందు మైనస్ విప్పి, క్లాంపుకు గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. అప్పుడిక రిమోట్ పనిచెయ్యదు, కాబట్టి అసలు తాళం తలుపులో తిరుగుతుందో లేదో ముందే చూసుకోండి. బానెట్ తెరిచే లీవరు కారు లోపలే ఉంటుంది.