చిన్న మోటారు పడవలో అదే ఇంధనంతో మరింత దూరం

అదనపు ట్యాంకు కొనే ముందు, ఏ వేగంలో లీటరుకు ఎంత దూరం వస్తుందో జీపీఎస్, ఫ్లో మీటర్ల (ఇంజనుకు వెళ్లే ఇంధనాన్ని కొలిచే పరికరాల) సాయంతో కొలిచి రాసుకోవాలి. నీటిపై జారుతూ వెళ్లే రకం పడవ, ముక్కు పైకెత్తి అలను తోసుకుంటూ సాగే మధ్యస్థ వేగంలో ఇంధనాన్ని విపరీతంగా తాగుతుంది; అందువల్ల ఆ దశను త్వరగా దాటించి, పడవ సమంగా జారడం మొదలయ్యాక, ఆ జారుడు ఆగిపోకుండా కొనసాగేంత మేరకే థ్రాటిల్ (ఇంజను వేగాన్ని నియంత్రించే మీట) తగ్గించాలి, లేదా మొదటి నుంచీ బాగా నెమ్మదిగానే నడపాలి. అడుగున పట్టిన నాచును గీకివేయాలి. అనవసరపు బరువును దించాలి. అదనపు ట్యాంకు తప్పదనుకుంటే, పడవల కోసం తయారైనదాన్నే ఎంచుకుని, ఒడ్డుకు దించి నింపి, వ్యాకోచానికి కొంత ఖాళీ వదిలి, కదలకుండా పట్టీలతో బిగించాలి. ఇంధనంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి కేటాయించి, మిగిలినది ఎదురుగాలి వంటి అవసరాలకు ఉంచుకోవాలి; అలలకు ఊగే ట్యాంకు గేజీని మాత్రం నమ్ముకోకూడదు.