పసిఫిక్ యుద్ధం ఆట: బేస్ కట్టే వేగాన్ని ఇలా సరిచేయండి

తిరుపతిలో ఆదివారం బల్ల చుట్టూ చేరి రెండో ప్రపంచ యుద్ధపు పసిఫిక్ బోర్డు గేమ్ ఆడేవాళ్లకి ఎప్పుడూ ఒకటే గొడవ: రన్‌వే మూడు టర్నుల్లోనే లేచిపోతుంది! అంకెలు ఊహించి వేయకండి, పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో ఒకటైన గ్వాడల్‌కెనాల్‌తో సరిచూడండి. అక్కడ జపాన్ 1942 జులై మొదట్లో పని మొదలుపెట్టింది. ఆగస్టు 7న అమెరికన్లు దిగేసరికి రన్‌వే దాదాపు పూర్తయింది. అంటే రెండు నిర్మాణ దళాలకు ఐదు వారాలు.

టర్ను ఒక వారమైతే, చిన్న రన్‌వేకి 40 నిర్మాణ పాయింట్లు పెట్టండి. జపాన్ దళానికి వారానికి 4. రెండు దళాలు ఐదు వారాల్లో 40 తెస్తాయి, లెక్క కుదిరింది. బుల్డోజర్లున్న సీబీ (అమెరికా నౌకాదళపు నిర్మాణ దళం) బెటాలియన్‌కి 12 ఇవ్వచ్చు. 20 ఇస్తే మాత్రం ఆట చెడిపోతుంది.

అసలు కళ్లెం సామానే. రన్‌వే మీద పరిచే ఇనుప పలక 10 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, సుమారు 30 కిలోలు. 3,000 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పున్న రన్‌వేకి 36,000 పలకలు, అంటే 1,080 టన్నులు. రేణిగుంట నుంచి 10 టన్నుల లారీల్లో తోలితే 108 ట్రిప్పులు! అందుకే ప్రతి పాయింటుకీ 27 టన్నుల సప్లై కోయండి. ఓడ రాకపోతే పని ఆగాల్సిందే.

ఒకే దీవిలో ఎనిమిది బెటాలియన్లు కుక్కేవాళ్లుంటారు. మూడో దళం నుంచి సగం పాయింట్లే ఇవ్వండి. వానాకాలం టర్నులో అందరికీ సగం. బాంబులు పడితే ముందు గుంతలు పూడ్చాకే కొత్త పని.