అలాస్కాలో పెద్ద జంతువుల వేటకు రైఫిల్, క్యాలిబర్ ఎంచుకునే పద్ధతి

అలాస్కాలో మూస్, కారిబూ (రెండూ పెద్ద జింక జాతులు), గోధుమ ఎలుగుబంటి వంటి పెద్ద జంతువుల వేటకు సిద్ధపడేవారు మొదట అడిగే ప్రశ్న ఏ క్యాలిబర్ (తూటా, గొట్టపు కొలత) కొనాలన్నదే. ఎలుగుబంటి పేరు వినగానే అంగడిలో అన్నిటికన్నా పెద్ద మ్యాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే శక్తిమంతమైన తూటా) రైఫిల్ మీదికి చెయ్యి పోతుంది. ఎంపికను అక్కడ మొదలుపెట్టకూడదు. మీరు బెదరకుండా, కళ్లు మూసుకోకుండా, ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా నొక్కగలిగే రైఫిళ్లు ఏవో ముందు తేల్చుకుని, వాటిలో ఆ జంతువుకు సరిపోయేది ఎంచుకోవాలి. అలాస్కా రాష్ట్ర ఫిష్ అండ్ గేమ్ శాఖ వేటగాళ్లకు ఇచ్చే సలహా కూడా ఇదే: నాలుగు తూటాలు కాల్చి గురి సరిచూసుకుని తెచ్చిన కొత్త మ్యాగ్నమ్ కన్నా, చేతికి అలవాటైన .270 లేదా .30-06 తో వచ్చే వేటగాడినే అనుభవమున్న గైడ్లు కోరుకుంటారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం భారతదేశంలో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధం కనుక, అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడిన మనవాళ్లలో చాలామంది పెద్దయ్యాకే మొదటిసారి రైఫిల్ పట్టుకుంటారు. అలాంటివారు .22 అనే అతి చిన్న తూటాతో మొదలుపెట్టి, శరీరానికి శబ్దమూ, పేలినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే తన్నూ అలవాటు పడ్డాక పైమెట్టుకు వెళ్లడం మంచిది. మొదటి రోజే భుజం వాచేలా కాల్చినవారికి తూటా పేలకముందే ఉలికిపడే అలవాటు పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే అది వదిలించుకోవడం చాలా కష్టం.

వయసొచ్చిన మగ మూస్ 540 నుంచి 725 కిలోల దాకా, మగ కారిబూ 160 నుంచి 180 కిలోల దాకా తూగుతాయి. డాల్ గొర్రె అనే తెల్లని అడవి కొండగొర్రెల్లో పొట్టేలు 135 కిలోలు దాటడం అరుదు. సాల్మన్ తిని బలిసిన తీరప్రాంతపు గోధుమ ఎలుగుల్లో అతి పెద్దవి 680 కిలోలను అందుకుంటాయి. బరువును చూసి మాత్రమే క్యాలిబర్ నిర్ణయిస్తే పొరపాటవుతుంది. మూస్ ఎంత పెద్దదైనా, రెండు ఊపిరితిత్తుల గుండా గుండు దూసుకుపోతే ఎక్కువసేపు నిలవదు. స్వీడన్, నార్వే వేటగాళ్లు 6.5×55 అనే చిన్న క్యాలిబర్‌లో 156 గ్రెయిన్ల (సుమారు 10 గ్రాముల) పొడవాటి బరువైన బుల్లెట్‌తో, అంటే తూటా నుంచి బయటికి దూసుకుపోయే గుండుతో, తరతరాలుగా మూస్‌ను వేటాడుతున్నారు. స్వీడన్ నిబంధన ప్రకారం మూస్‌కు వాడే బుల్లెట్ కనీసం 9 గ్రాములుండాలి. 100 మీటర్ల దూరంలో దానికి 2,700 జౌళ్ల శక్తి ఉండాలి. అదే బుల్లెట్ 10 గ్రాములు దాటితే 2,000 జౌళ్లు చాలు. బరువైన బుల్లెట్ లోతుగా దిగుతుంది కాబట్టి శక్తి కొంత తగ్గినా ఫరవాలేదన్న లెక్క ఆ నిబంధనలోనే కనిపిస్తుంది.

ఒక్క రైఫిల్ మాత్రమే కొనగలిగేవారికి నేను సందేహం లేకుండా .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చెబుతాను. 1906లో సైన్యం కోసం పుట్టిన ఈ తూటా 180 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. మారుమూల ఊళ్ల దుకాణాల్లో కూడా దొరికే అవకాశం దీనికే ఎక్కువ, విమానంలో తూటాల పెట్టె తప్పిపోయిన రోజున ఈ సంగతి విలువ తెలుస్తుంది. కారిబూకూ డాల్ గొర్రెకూ ఇది ఎక్కువే, మూస్‌కు చక్కగా సరిపోతుంది, 200 గ్రెయిన్ల గట్టి బుల్లెట్‌తో దగ్గర దూరాన గైడ్ పక్కనుండగా గోధుమ ఎలుగుకూ చాలుతుంది. .308 విన్‌చెస్టర్ దీనికి ఒక్క మెట్టు కింద ఉన్నా, రైఫిల్ పొట్టిగా తేలికగా ఉంటుంది. దూరంగా, గాలిలో కాల్చవలసి వచ్చే టండ్రా మైదానాల్లో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌కు ప్రయోజనం ఉంది, కానీ భుజం అందుకు మూల్యం చెల్లిస్తుంది.

ఎలుగు వేటే ప్రధానమైతే 1958 నాటి .338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ రెండూ దశాబ్దాలుగా నమ్మకం నిలబెట్టుకున్నవే. .375 బుల్లెట్ 300 గ్రెయిన్ల బరువుతో సెకనుకు 2,500 అడుగులకు పైగా వేగంతో వెళ్లి, ఎలుగు జబ్బ ఎముకను విరిచి లోపలికి దిగుతుంది. అయితే .338 తన్ను .30-06 తన్నుకు దాదాపు ఒకటిన్నర రెట్లు, .375 ది రెట్టింపుకు దగ్గర. ఆ దెబ్బను పదేపదే తట్టుకుని సాధన చేయగలిగినవారే వీటిని కొనాలి. ఇక 6.5 క్రీడ్‌మూర్ అనే చిన్న క్యాలిబర్ మీద ఇప్పుడున్న మోజు నాకు తెలుసు. కారిబూకు అది మంచి తూటాయే. ఎలుగులు తిరిగే పొదల్లో మాత్రం దాన్ని నమ్ముకుని వెళ్లమని ఎవరికీ చెప్పను.

క్యాలిబర్ కన్నా బుల్లెట్ నిర్మాణం మీద ఎక్కువ సమయం పెట్టండి. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు .300 హెచ్ అండ్ హెచ్ వంటి శక్తిమంతమైన రైఫిల్‌తో మూస్‌ను కాల్చాడు. దాని ఒంటి మీద ఎండి గట్టిపడిన బురద ఉంది. బుల్లెట్లు లోపలికి దిగకుండా పైపైనే పగిలిపోయాయి. ఆయన ఇంటికి వచ్చి, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న బుల్లెట్‌ను తయారుచేశాడు. దాని ముందు భాగం విచ్చుకుంటుంది, అడ్డుగోడ వెనుక ఉన్న సగం చెక్కుచెదరకుండా ముందుకు పోతుంది. పార్టిషన్ అనే పేరుతో 1948లో అమ్మకానికి వచ్చిన ఆ బుల్లెట్‌ను ఇప్పటికీ మూస్ వేటలో వాడుతున్నారు. పూర్తిగా రాగితో చేసే బుల్లెట్లు, సీసాన్ని తొడుగుకు అతికించి చేసేవి కూడా ఇదే పని చేస్తాయి. జింకల కోసం చేసిన, తగలగానే ముక్కలయ్యే పలుచని బుల్లెట్‌ను అలాస్కాకు తీసుకువెళ్లకండి. అటువంటి బుల్లెట్‌తో .338 కూడా, మంచి బుల్లెట్ వేసిన .30-06 కన్నా తక్కువ పని చేస్తుంది.

రైఫిల్ విషయంలో, చేత్తో పిడి లాగి ఒక్కొక్క తూటానే ఎక్కించే బోల్ట్ యాక్షన్‌కు సాటి లేదు. వాన, మంచు, ఇసుక కలిసిన చోట తక్కువ భాగాలున్న యంత్రమే నిలుస్తుంది. బ్యారెల్ (గొట్టం) స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) సింథటిక్ లేదా పొరలు అతికించి లామినేట్ చేసిన చెక్కది అయితే తడికి ఉబ్బి గురి మారదు. కెనడా ఉత్తర ప్రాంతాల్లో గస్తీ తిరిగే కెనడియన్ రేంజర్లు దశాబ్దాల పాటు వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కు బదులుగా తీసుకున్న సి19 రైఫిల్‌ను చూస్తే, చలి దేశపు రైఫిల్ ఎలా ఉండాలో అర్థమవుతుంది. అది .308 బోల్ట్ యాక్షన్, ఎర్రని లామినేట్ స్టాక్, తుప్పు పట్టని బ్యారెల్, దళసరి చేతొడుగులతో కూడా వేలు దూరేంత పెద్ద ట్రిగ్గర్ గార్డు, పిడికిలికి అందే పెద్ద బోల్ట్ పిడి, టెలిస్కోప్ చెడినా పనికొచ్చే ఇనుప గురిచూపు. కొనేముందు దుకాణంలోనే మీ చలికోటు, చేతొడుగులు వేసుకుని రైఫిల్ భుజానికెత్తి చూడండి. చొక్కా మీద సరిగ్గా అమరిన స్టాక్ దళసరి కోటు మీద పొడవైపోతుంది, దాని వెనుక అంచు చంకలో చిక్కుకుంటుంది.

టెలిస్కోప్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 2–7 లేదా 3–9 రెట్ల పెంపు ఉన్న గట్టి స్కోప్ చాలు. పొదల్లో నడిచేటప్పుడు దాన్ని కనిష్ఠ పెంపులోనే ఉంచండి. .30-06 ను 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో 200 గజాలకు గురి కుదిర్చితే, 300 గజాల దగ్గర బుల్లెట్ 8, 9 అంగుళాలు కిందికి దిగుతుంది. అంతకు మించిన దూరాన కాల్చకుండా ఇంకా దగ్గరికి వెళ్లండి. సాధన బల్ల మీద కాక, మోకాలి మీద, కూర్చుని, వీపుసంచీ మీద ఆనించి చేయండి. టండ్రాలో బల్ల దొరకదు.

చలికి రైఫిల్‌ను సిద్ధం చేయడం ప్రత్యేకమైన పని. మామూలు నూనె గడ్డకట్టినట్టు చిక్కబడి, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్‌ను నెమ్మదింపజేస్తుంది, అప్పుడు తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ మీద దెబ్బ బలంగా పడక తూటా పేలదు. బోల్ట్ విప్పి లోపలి నూనె, జిడ్డు పూర్తిగా కడిగేసి, పొడి గ్రాఫైట్ గానీ చలికి చిక్కబడని పలుచని నూనె గానీ చుక్క మాత్రమే వాడండి. గడ్డకట్టే చలిలో తిరిగిన రైఫిల్‌ను పొయ్యి వెలిగే గుడారంలోకి తెస్తే లోహం మీద తేమ చేరుతుంది, మళ్లీ బయటికి తీస్తే అది మంచై బోల్ట్‌ను బిగిస్తుంది. కాబట్టి రైఫిల్‌ను ఖాళీ చేసి, తడవని చోట బయటి చలిలోనే ఉంచాలి. బ్యారెల్ మూతికి ఒక పొర ఎలక్ట్రికల్ టేప్ అంటించండి. అది గురిని మార్చదు, మంచు లోపలికి పోనివ్వదు. మంచు కూరుకున్న బ్యారెల్‌లో కాల్చితే అది పగిలి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రయాణానికి ముందు చట్టాన్ని చూసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. అలాస్కా నివాసులు కాని అమెరికా పౌరులు గోధుమ ఎలుగు, డాల్ గొర్రె, కొండమేక వేటకు లైసెన్సున్న గైడ్‌నో, అలాస్కాలో ఉండే దగ్గరి బంధువునో వెంట ఉంచుకోవాలి. అమెరికా నివాసులు కాని విదేశీయులకైతే ఏ పెద్ద జంతువు వేటకైనా గైడ్ తప్పనిసరి. విమానంలో రైఫిల్‌ను తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి ముందుగా తెలపాలి. తూటాలకు చాలా విమానసంస్థలు 5 కిలోల పరిమితి విధిస్తాయి. చిన్న విమానంలో అడవిలో దిగిన రోజున పెద్ద జంతువులను వేటాడడాన్ని అలాస్కా నిబంధనలు దాదాపు పూర్తిగా నిషేధిస్తాయి కనుక, ఆ సాయంత్రమే, గురికి వెనకాల తూటాలను ఆపే మట్టికట్ట ఉన్న చోట రెండు తూటాలు కాల్చి, సామానులో కుదుపులకు గురి మారిందేమో చూసుకోండి.

మూస్ నీళ్లలో ఉన్నప్పుడు కాల్చకండి. అది అక్కడే పడితే, చల్లటి నీళ్లలో ఆ బరువును కోసి ఒడ్డుకు చేర్చడం ఇద్దరికి అసాధ్యమవుతుంది. గుండు తగిలాక అది ఏమీ జరగనట్టు నిలబడే ఉండవచ్చు, అందుకని తుపాకీ దించకుండా వెంటనే బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించుకుని, అది కూలేదాకా కాల్చుతూ ఉండాలి. తినదగిన మాంసం మొత్తం తీసుకురావడం చట్టరీత్యా మీ బాధ్యత. పెద్ద మూస్ నుంచి అది 225 కిలోల దాకా ఉంటుంది, ఎన్నో విడతలుగా మోయాలి. రక్తం వాసనకు ఎలుగులు వస్తాయి. ఒకరు కోస్తుంటే మరొకరు రైఫిల్ పట్టుకుని, ఎలుగు స్ప్రే నడుముకు కట్టుకుని, చుట్టూ చూస్తూ నిలబడాలి. మాంసం మూటలతో నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండేలా, తడికి జారని వెడల్పాటి పట్టీని రైఫిల్‌కు ముందే బిగించుకోండి.